ప్రభుత్వ సేవని క్లౌడ్‌లో పెట్టాలంటే: లాభం ఎక్కడ, ప్రమాదం ఎక్కడ, స్టెప్పుల వారీగా

ఇది ఎవరికోసమంటే, జిల్లా ఆఫీసులోనో కమిషనరేట్‌లోనో మున్సిపల్ కార్పొరేషన్‌లోనో ఐటీ సెల్ చూసుకునేవాళ్లకి, వాళ్లకి సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే చిన్న కంపెనీల కుర్రాళ్లకి, ఇంకా "మన పోర్టల్‌ని క్లౌడ్‌కి మార్చండి" అని పైనుంచి మెమో వచ్చేసి ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక కూర్చున్న ఆఫీసర్లకి. క్లౌడ్, అంటే సొంత సర్వర్ కొనకుండా వేరేవాళ్ల డేటా సెంటర్‌లో మెషిన్లు వాడుకోవడం, మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ పెట్టను, అది ఎప్పటికీ తెమలదు. ఏ సేవ పెట్టాలి, ఎవరి దగ్గర పెట్టాలి, ఏ షరతులు రాయించుకోవాలి, పడిపోయిన రోజు ఏం చేయాలి, ఇవి తేల్చుకుంటే పని నడుస్తుంది. ఒక్క మాట మాత్రం మొదట్లోనే గట్టిగా చెప్తున్నా, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది: సర్వర్‌ని వేరేవాళ్ల బిల్డింగ్‌కి పంపించెయ్యొచ్చు గానీ బాధ్యతని పంపించలేం. స్కాలర్‌షిప్ పడని పిల్లాడు వచ్చి నిలబడేది మీ కౌంటర్ దగ్గరే.

మన దేశంలో ప్రభుత్వ క్లౌడ్ ప్రోగ్రామ్‌కి మేఘ్‌రాజ్ అని పేరు, జీఐ క్లౌడ్ అని కూడా అంటారు. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వాళ్ల నేషనల్ క్లౌడ్ 2014 ఫిబ్రవరిలో మొదలైంది. దానికంటే ముందే, 2008లో ఓకే అయిన స్కీము కింద రాష్ట్రాలు సొంతంగా స్టేట్ డేటా సెంటర్లు కట్టుకున్నాయి. ఇక మూడోది ప్రైవేటు క్లౌడ్ కంపెనీలు, వీటిని కేంద్ర ఐటీ శాఖ, అదే మైటీ, ఎంప్యానెల్ చేస్తుంది, అంటే ఆమోదించిన లిస్టులో పెడుతుంది, ఆ శాఖ కిందే ఉన్న నాణ్యత పరీక్షల సంస్థ ఎస్‌టీక్యూసీ ఆడిట్ చేస్తుంది. కాబట్టి మీ ముందు ఉన్నవి మూడు దార్లు, ఏదో ఒకటే ఎంచుకోవాలని రూలేం లేదు, ఒకే డిపార్ట్‌మెంట్ సేవలు మూడు చోట్లా ఉండొచ్చు.

స్టెప్ 1: మీ దగ్గర ఏముందో ముందు రాసుకోండి

వినడానికి చిన్న పనిలా ఉంటుంది, కానీ చాలా ప్రాజెక్టులు పాడయ్యేది ఇక్కడే. ఒక ఎక్సెల్ షీట్ తెరిచి మీ ఆఫీసు పేరు మీద నడుస్తున్న ప్రతి అప్లికేషన్ పేరు రాయండి, అది ఏ మెషిన్ మీద ఉంది, ఏ డేటాబేస్, ఎవరు రాశారు, సోర్స్ కోడ్ ఎవరి దగ్గరుంది, అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు, రోజుకి ఎంతమంది వాడతారు, ఏ తేదీల్లో రద్దీ ఎక్కువ. ఇది రాస్తున్నప్పుడే బయటపడతాయి అసలు సంగతులు, కాంట్రాక్ట్ అయిపోయి ఎప్పుడో వెళ్లిపోయిన ఏజెన్సీ వాళ్ల లాగిన్ ఇంకా పనిచేస్తూ ఉంటుంది, ఒక స్కీము ఆగిపోయినా దాని లబ్ధిదారుల డేటా అలాగే ఒక మూల పడి ఉంటుంది.

రద్దీ కాలమ్ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి, ఎందుకంటే క్లౌడ్ వల్ల వచ్చే అసలైన లాభం అక్కడే. టెన్త్ రిజల్ట్స్, ఇంటర్ రిజల్ట్స్, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్, స్కాలర్‌షిప్ లాస్ట్ డేట్, ఇలాంటివి సంవత్సరంలో నాలుగైదు రోజులు పిచ్చి లోడ్, మిగతా రోజులంతా ఖాళీ. ఆ నాలుగు రోజుల కోసం పెద్ద సర్వర్లు కొని సంవత్సరమంతా కరెంటు పోస్తూ కూర్చోవడం కంటే ఆ రోజుకి పది మెషిన్లు తీస్కుని సాయంత్రం వదిలెయ్యడం చాలా నయం. కోవిన్ గుర్తుంది కదా, 2021 సెప్టెంబర్ 17న ఒక్కరోజులో దేశమంతా కలిపి దాదాపు 2.5 కోట్ల డోసుల ఎంట్రీలు పడ్డాయి, ఒక జిల్లా ఆఫీసు గదిలో ఉన్న సర్వర్‌తో అలాంటిది ఊహించలేం.

కానీ ఇక్కడో మెలిక ఉంది. మెషిన్లు పెంచితే అప్లికేషన్ దానంతటదే తట్టుకోదు. ముందు భాగంలో ఇరవై మెషిన్లు పెట్టి వెనకాల డేటాబేస్ ఒక్కటే ఉండి, ప్రతి క్లిక్కీ అదే టేబుల్‌ని లాక్ చేస్తుంటే, ఇరవై మెషిన్లూ కలిసి ఆ ఒక్కదాన్ని ఇంకా త్వరగా పడేస్తాయి. రిజల్ట్స్ లాంటివైతే ముందే పేజీలు తయారుచేసి ఫైళ్లుగా పెట్టేస్తే డేటాబేస్‌ని ముట్టుకునే పనే ఉండదు. ఇలాంటివి డెవలపర్‌తో ముందే కూర్చుని మాట్లాడాలి, క్లౌడ్‌కి వెళ్లాక కాదు.

ఇంకొకటి, లోడ్ ఏడాదంతా ఒకేలా ఉండే పనులు, ఉద్యోగుల జీతాల బిల్లులు, ఆఫీసు ఫైళ్లు, ఇన్వర్డ్ రిజిస్టర్, వీటికి ప్రైవేటు క్లౌడ్ వల్ల పెద్ద ఒరిగేది ఉండదు. స్టేట్ డేటా సెంటర్‌లో బాగా నడుస్తున్నదాన్ని ఫ్యాషన్ కోసం కదపకండి.

స్టెప్ 2: డేటాని కుప్పలుగా విడదీయండి

మూడు కుప్పలు చాలు. అందరూ చూడొచ్చు అనేవి ఒకటి, అంటే జీవోలు, టెండర్లు, ఆఫీసు అడ్రసులు. మనుషుల వివరాలు రెండోది, పేరు, మొబైల్, బ్యాంక్ అకౌంట్, కులం సర్టిఫికెట్, రేషన్ కార్డు. మూడోది ఇంకా సున్నితమైనవి, ఆధార్ నంబర్లు, వైద్యం రికార్డులు, పోలీసు కేసులు, పిల్లల వివరాలు.

మొదటి కుప్పని ఎంప్యానెల్ అయిన ఏ క్లౌడ్‌లో పెట్టినా భయం లేదు, మొదటగా మార్చాల్సింది కూడా అదే. రెండో కుప్పకి ఎన్‌క్రిప్షన్ (కీ లేనివాళ్లు చదవలేని రూపంలోకి మార్చడం), ఎవరు చూశారో లాగ్, రెండూ కంపల్సరీ. మూడో కుప్ప దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. ఆధార్ నంబర్లని, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ 2017లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఆధార్ డేటా వాల్ట్ అనే వేరే చోట ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టాలి, మీ మామూలు టేబుళ్లలో దాని బదులు ఒక రిఫరెన్స్ నంబర్ మాత్రమే ఉండాలి. ఇది తెలియక లబ్ధిదారుల టేబుల్‌లో పన్నెండంకెల నంబర్‌ని అలాగే ఉంచేసి, ఆ టేబుల్‌ని అలాగే క్లౌడ్‌కి కాపీ చేస్తే, తప్పుని ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మోసినట్టే.

2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా చదువుకోండి, దాని రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, ముఖ్యమైన బాధ్యతలు అక్కడ్నించి 18 నెలలకి అమల్లోకి వస్తాయి. డేటాని ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవాళ్లదే బాధ్యత, వాళ్ల తరఫున పనిచేసే క్లౌడ్ కంపెనీ తప్పు చేసినా సరే. సరైన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. ప్రభుత్వ సంస్థలకి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, నిజమే, కానీ మినహాయింపు ఉంది కదా అని తాళం వెయ్యకుండా ఉండటం న్యాయం కాదు, ఆ డేటా ఇచ్చినవాళ్లకి ఇవ్వనని చెప్పే అవకాశమే లేదు, పెన్షన్ కావాలంటే ఇవ్వాల్సిందే కదా.

స్టెప్ 3: ఎవరి దగ్గర పెట్టాలో తేల్చుకోండి

మైటీ లిస్టులో ఉన్న ప్రైవేటు క్లౌడ్‌లో కూడా రకాలున్నాయి. పబ్లిక్ క్లౌడ్ (అందరూ కలిసి వాడేది), వర్చువల్ ప్రైవేట్ క్లౌడ్ (అందులోనే మీకు వేరుచేసి ఇచ్చేది), గవర్నమెంట్ కమ్యూనిటీ క్లౌడ్. చివరిదాంట్లో ప్రభుత్వ సంస్థలు మాత్రమే ఉంటాయి, బయటి కస్టమర్ల మెషిన్లతో కలవదు, అందుకే ఖరీదు కొంచెం ఎక్కువ. ఏది తీసుకున్నా డేటా దేశం దాటకూడదు అన్నది షరతు. ఇప్పుడు మన దగ్గర ఆ ఇబ్బంది కూడా తగ్గింది, అమెజాన్ వాళ్లది ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి నడుస్తోంది, గూగుల్‌కి ముంబై, ఢిల్లీ ఉన్నాయి, విశాఖలో పెద్ద ఎత్తున పెడతామని 2025 అక్టోబర్‌లో ప్రకటించారు.

అయితే డేటా మన ఊళ్లో ఉంది కాబట్టి మన చేతిలో ఉంది అనుకుంటే పొరపాటు. 2025 జూలైలో నయారా ఎనర్జీ సంగతి చూడండి, గుజరాత్‌లో రిఫైనరీ ఉన్న కంపెనీ, అందులో రష్యా కంపెనీ రోస్‌నెఫ్ట్‌కి వాటా ఉందని యూరప్ ఆంక్షలు పెట్టింది, దాంతో మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి, వాళ్లు ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాల్సొచ్చింది, కొద్దిరోజుల్లోనే సేవలు తిరిగొచ్చాయి అనుకోండి. భారతదేశంలో ఉన్న కంపెనీకి, భారత చట్టం ప్రకారం తప్పేం చేయనివాళ్లకి, వేరే ఖండంలో తీసుకున్న నిర్ణయంతో మెయిల్ ఆగిపోయింది. అమెరికాలో 2018లో చేసిన క్లౌడ్ యాక్ట్ ఇంకోటి, దాని కింద అమెరికా కంపెనీ దగ్గరున్న డేటా ఏ దేశంలో ఉన్నా సరే అక్కడి కోర్టు వారెంట్‌తో అడగొచ్చు. అందుకని మూడో కుప్ప డేటాకి ఎన్‌క్రిప్షన్ తాళాలు, అదే కీలు, మీ దగ్గరే ఉంచుకునే పద్ధతి అడగండి, క్లౌడ్ కంపెనీ దగ్గర ఉన్నది తెరవలేని పెట్టె మాత్రమే అయ్యుండాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిల్, సుమారు 12 లక్షల అకౌంట్లు, ఎన్‌ఐసీ సిస్టమ్ నుంచి జోహో ప్లాట్‌ఫామ్ మీదకి మార్చడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇలాంటిదే, మన దేశపు కంపెనీ చేతిలో ఉండాలని.

దీనికి ఎదురు కథ కూడా చెప్పాలి, లేకపోతే పూర్తికాదు. ఉక్రెయిన్‌లో ప్రభుత్వ డేటా దేశం లోపలే ఉండాలని నిబంధన ఉండేది, 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలవడానికి సరిగ్గా వారం ముందు వాళ్ల పార్లమెంటు దాన్ని సడలించింది, భూమి రికార్డులు, పన్నుల రికార్డులు బయటి దేశాల్లో ఉన్న క్లౌడ్‌కి వెళ్లిపోయాయి, తర్వాత బాంబులు పడ్డా ఆ రికార్డులు బతికాయి. ఎస్టోనియా ఐతే శాంతికాలంలోనే 2017లో లక్సెంబర్గ్‌తో ఒప్పందం చేసుకుని అక్కడ తన డేటాకి ఒక రాయబార కార్యాలయం లాంటిది పెట్టుకుంది. మన దేశం పెద్దది, హైదరాబాద్ కాపీని భువనేశ్వర్‌లోనో పుణెలోనో ఢిల్లీలోనో పెట్టుకోవచ్చు, ఎన్‌ఐసీకి ఈ నగరాలన్నిట్లో డేటా సెంటర్లు ఉన్నాయి. కాబట్టి మనకి దేశం దాటే అవసరం లేదు, ఊరు దాటే అవసరం మాత్రం కచ్చితంగా ఉంది.

స్టెప్ 4: బ్యాకప్, దీన్ని మాత్రం దాటెయ్యకండి

2025 సెప్టెంబర్ 26, దక్షిణ కొరియాలో దేజాన్ నగరం. అక్కడి ప్రభుత్వ డేటా సెంటర్‌లో యూపీఎస్ లిథియం బ్యాటరీలు పక్కకి తరలించే పని జరుగుతుంటే మంటలు అంటుకున్నాయి. మొత్తం 709 ప్రభుత్వ సిస్టమ్‌లు (మొదట 647 అని చెప్పారు) ఆపెయ్యాల్సొచ్చింది, వాటిలో 96 నేరుగా కాలిపోయాయి. అందులో ఒకటి జీ-డ్రైవ్, ప్రభుత్వ ఉద్యోగులు తమ ఫైళ్లు దాచుకునే సొంత క్లౌడ్, 858 టెరాబైట్లు. దాని కాపీ ఇంకెక్కడా లేదు. సైజు మరీ పెద్దదని బయట బ్యాకప్ పెట్టలేదంట. సిబ్బంది వ్యవహారాలు చూసే మంత్రిత్వ శాఖలో అందరూ ఫైళ్లు పీసీలో కాకుండా జీ-డ్రైవ్‌లోనే పెట్టాలని నియమం పెట్టుకున్నారు, అందుకే వాళ్లకే ఎక్కువ నష్టం జరిగింది. ఆలోచించండి, ప్రపంచంలో డిజిటల్ పాలనకి పేరున్న దేశం, రూలు సరిగ్గా పాటించినవాళ్లే ఎక్కువ పోగొట్టుకున్నారు.

ఈ ఒక్క కథలోనే మనకి కావాల్సినవి అన్నీ ఉన్నాయి. క్లౌడ్ అంటే ఎక్కడో ఒక చోట ఒక బిల్డింగే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడినప్పుడు కూడా అంతే, బ్యాకప్ కూడా అదే క్యాంపస్‌లో ఉన్న కస్టమర్లకి ఏమీ మిగల్లేదు.

మరి సొంత బిల్డింగ్‌లో పెట్టుకుంటే సేఫా అంటే అదీ కాదు. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో రాన్సమ్‌వేర్ దాడి (డేటాకి తాళం వేసి డబ్బు అడిగే రకం) జరిగింది, అయిదు సర్వర్లు, దాదాపు 1.3 టెరాబైట్ల డేటా ఎన్‌క్రిప్ట్ అయిపోయాయని ప్రభుత్వం పార్లమెంటుకి చెప్పింది, నెట్‌వర్క్‌ని సరిగ్గా విభాగాలు చేయకపోవడం కారణమని కూడా అందులోనే ఉంది. రెండు వారాల పాటు ఓపీ చీటీలు చేత్తో రాశారు. అక్కడ మంట లేదు, బిల్డింగ్ బాగానే ఉంది, డేటా మాత్రం అందుబాటులో లేకుండా పోయింది.

చేయాల్సింది ఇది. మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీ, కనీసం ఒకటి వేరే ఊళ్లో. దానికి తోడు ఒక కాపీని మార్చలేని, చెరపలేని పద్ధతిలో పెట్టండి, అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగ చేతిలో పడినా ఆ కాపీని ముట్టుకోలేకుండా, పెద్ద క్లౌడ్ కంపెనీలు ఈ సౌకర్యం ఇస్తాయి, ఆన్ చేసుకోవాలి అంతే. ఆ కాపీ ఉన్న అకౌంట్ కూడా వేరేగా ఉంటే ఇంకా మంచిది.

తర్వాత రెండు ప్రశ్నలకి జవాబు రాసి పై ఆఫీసర్‌తో సంతకం పెట్టించుకోండి. మొత్తం పోతే ఎన్ని గంటల్లో సేవ మళ్లీ లేవాలి, ఎన్ని గంటల డేటా పోయినా ఫర్వాలేదు. టెక్నికల్ వాళ్లు ఆర్‌టీఓ, ఆర్‌పీఓ అనేవి ఇవే. రోజుకోసారి రాత్రి బ్యాకప్ తీస్తే సాయంత్రం ఆరింటికి కూలిపోయిన రోజు ఆ రోజు మొత్తం అప్లికేషన్లు పోయినట్టే, ఒక రెవెన్యూ ఆఫీసుకి అది ఒప్పుకోదగ్గదేనా అన్నది టెక్నికల్ వాళ్లు తేల్చే విషయం కాదు, తహసీల్దారో కలెక్టరో తేల్చాలి.

ఇక చివరిది, అసలైనది. బ్యాకప్ తీశాం అన్న రిపోర్టుని నమ్మకండి, తిరిగి తెరిచి చూడండి. మూడు నెలలకొకసారి ఒక ఖాళీ మెషిన్ తీస్కుని, బ్యాకప్ నుంచి మొత్తం సిస్టమ్ నిలబెట్టి, పది అప్లికేషన్ నంబర్లు కొట్టి చూసి, ఎంత టైం పట్టిందో ఫైల్లో రాయండి. క్లౌడ్‌లో ఈ పనికి అయ్యే ఖర్చు చాలా తక్కువ, కొన్ని గంటల మెషిన్ అద్దె. సొంత సర్వర్ల కాలంలో ఖాళీ మెషిన్ లేక ఎవరూ ఈ టెస్ట్ చేసేవాళ్లు కాదు, నా లెక్కలో క్లౌడ్ ఇచ్చిన పెద్ద మేలు ఇదే, లోడ్ తట్టుకోవడం కంటే కూడా.

స్టెప్ 5: బయటికి వచ్చే దారి లోపలికి వెళ్లకముందే రాయించుకోండి

టెండర్ పెట్టేటప్పుడు అందరి చూపూ రేటు మీదే ఉంటుంది, కాంట్రాక్ట్ ముగిసిన రోజు ఏం జరుగుతుందో ఎవరూ చదవరు. తెలంగాణలో భూమి రికార్డుల పోర్టల్ ధరణి 2020 అక్టోబర్ 29న మొదలైంది, నిర్వహణ ప్రైవేటు సంస్థ చేతిలో ఉండేది, 2024 చివర్లో దాన్ని ఎన్‌ఐసీకి అప్పగించారు, 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. భూమి రికార్డు లాంటి ప్రాణం మీదకొచ్చే డేటా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారేటప్పుడు ఏమేం కావాలో ఆలోచిస్తే మీ కాంట్రాక్ట్‌లో ఏమేం ఉండాలో తెలుస్తుంది.

రాయించాల్సినవి చెప్తా. డేటా మొత్తం మామూలుగా చదవగలిగే ఫార్మాట్‌లో, టేబుళ్ల వివరణతో సహా, అడిగిన ఇన్ని రోజుల్లో ఇవ్వాలి. అలా బయటికి తీసేటప్పుడు క్లౌడ్ కంపెనీలు గిగాబైట్‌కి ఇంత అని వసూలు చేస్తాయి, లోపలికి పోసేటప్పుడు ఫ్రీ, ఆ ఛార్జీ ఎవరు కట్టాలో ముందే రాసుకోండి. కొత్తవాళ్లకి అప్పగించడానికి కనీసం మూడు నెలలు పాతవాళ్లు తోడుండాలి. తర్వాత కాపీలన్నీ చెరిపేశామని సర్టిఫికెట్ ఇవ్వాలి, బ్యాకప్‌లతో సహా. సోర్స్ కోడ్ ప్రతి రిలీజ్‌కీ మీ దగ్గరికి రావాలి.

ఇప్పుడు చిన్నదిగా కనిపించే పెద్ద విషయం: క్లౌడ్‌లో రూట్ అకౌంట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న అసలు లాగిన్, ఎవరి మెయిల్ ఐడీ మీద ఉంది, దాని ఓటీపీ ఏ మొబైల్‌కి వెళ్తోంది? వెండర్ ప్రాజెక్ట్ మేనేజర్ సొంత నంబర్‌కి వెళ్తుంటే ఆ పోర్టల్ మీది కాదు. డిపార్ట్‌మెంట్ పేరు మీద అధికారిక మెయిల్, ఆఫీసు పేరున తీసిన సిమ్, ఆఫీసర్ ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు ఛార్జ్ లిస్టులో తాళాలతో పాటు ఇవి కూడా అప్పగించాలి. డొమైన్ కూడా జీఓవీ డాట్ ఇన్ మీదే ఉండాలి, వెండర్ కొన్న డాట్ కామ్ మీద కాదు, రేపు వాళ్లు రెన్యూ చేయకపోతే ఎవరో కొనుక్కుని అదే పేరుతో దొంగ సైట్ నడుపుతారు.

స్టెప్ 6: తాళాలు

క్లౌడ్ భద్రతని అపార్ట్‌మెంట్‌తో పోల్చుకోవచ్చు, గేటు దగ్గర వాచ్‌మన్, సీసీ కెమెరా బిల్డర్ పెడతాడు, మీ ఫ్లాట్ తలుపు మీరే వేసుకోవాలి. 2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకు నుంచి 10 కోట్లకి పైగా మనుషుల వివరాలు పోయాయి, క్లౌడ్ కంపెనీ గేటు ఎవరూ బద్దలుకొట్టలేదు, బ్యాంకు పెట్టుకున్న ఫైర్‌వాల్ సెట్టింగ్ తప్పుగా ఉంది.

మన ఆఫీసుల్లో ఎక్కువగా కనపడేవి ఏంటంటే, స్టోరేజీ బకెట్‌ని, అంటే క్లౌడ్‌లో ఫైళ్లు దాచే ఫోల్డర్‌ని, పబ్లిక్‌గా ఉంచెయ్యడం (అందులో లబ్ధిదారుల ఆధార్ కార్డు స్కాన్లు ఉంటాయి), పది మంది ఆపరేటర్లకి ఒకే లాగిన్, డేటాబేస్ పోర్ట్ ఇంటర్నెట్‌కి తెరిచి ఉండటం, టెస్టింగ్ కోసం నిజమైన జనాల డేటా కాపీ చేసుకుని దాన్ని మర్చిపోవడం. ఈ నాలుగూ సరిచేస్తేనే సగం ప్రమాదం పోతుంది. అడ్మిన్ లాగిన్లన్నిటికీ రెండో స్టెప్పుగా ఎస్సెమ్మెస్ ఓటీపీ కాకుండా అథెంటికేటర్ యాప్ పెట్టండి. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఎంప్యానెల్ చేసిన ఆడిటర్‌తో టెస్ట్ చేయించి సేఫ్ టు హోస్ట్ సర్టిఫికెట్ తీసుకోండి, కోడ్ మారిన ప్రతిసారీ అది పాతదైపోయినట్టే లెక్క.

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి జరిగిందని తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకి చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దేశంలోనే దాచాలి. ఆరు గంటలంటే ఎక్కువ టైం కాదు, ఎవరు ఫోన్ చేయాలి, ఎవరు మెయిల్ పెట్టాలి అని పేర్లతో సహా ఒక పేజీ రాసి గోడకి అంటించండి. లీకైతే "మా దగ్గర అలాంటిదేం జరగలేదు" అని ప్రెస్ నోట్ ఇవ్వడం కాదు, ముందు ఎవరి వివరాలు పోయాయో వాళ్లకి చెప్పాలి, బ్యాంక్ అకౌంట్ జాగ్రత్త చేసుకోవాల్సింది వాళ్లే కదా.

స్టెప్ 7: డబ్బు లెక్క

సర్వర్ కొంటే ఒకసారి ఖర్చు, క్లౌడ్ ఐతే నెలనెలా కరెంటు బిల్లులా వస్తుంది, వాడకాన్ని బట్టి మారుతుంది. మన బడ్జెట్ పద్ధతికి ఇది సరిగ్గా ఇమడదు, శాంక్షన్ ఒక అంకె మీద ఉంటుంది, బిల్లు ఇంకో అంకెతో వస్తుంది. పైగా ఆర్థిక సంవత్సరం మొదట్లో నిధులు రిలీజ్ కావడం లేటైతే, ట్రెజరీలో బిల్లు ఆగితే, సర్వర్ కొన్న రోజుల్లో ఏమయ్యేది కాదు గానీ ఇప్పుడు సేవ ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకని బిల్లు లేటైనా కనీసం ఇన్ని నెలలు సేవ ఆపకూడదు, డేటా చెరపకూడదు అని కాంట్రాక్ట్‌లో రాయించండి. ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్ ద్వారా కొనేటప్పుడే ఈ షరతు పెట్టండి.

ఖర్చు తగ్గించే పని పెద్ద కష్టం కాదు, ప్రతి మెషిన్‌కీ ఏ స్కీముదో పేరు తగిలించండి, నెలకోసారి బిల్లు ముందేసుకుని పేరు లేనివి, ఎవరూ వాడనివి ఆపెయ్యండి, టెస్టింగ్ మెషిన్లు రాత్రి ఆగిపోయేలా పెట్టండి, బడ్జెట్ 80 శాతం దాటగానే మెసేజ్ వచ్చేలా పెట్టుకోండి.

ఎస్‌ఎల్‌ఏ అంకెలు, అంటే సేవ ఎంత శాతం టైం నడుస్తుందని వాళ్లు ఒప్పుకున్న లెక్క, కూడా చదవడం రావాలి. 99.5 శాతం అంటే బ్రహ్మాండం అనిపిస్తుంది, 30 రోజుల నెలలో 3.6 గంటలు సేవ లేకపోయినా ఒప్పందం ప్రకారం తప్పు లేదన్నమాట. 99.9 ఐతే సుమారు 43 నిమిషాలు. అదీ క్లౌడ్ కంపెనీ ఇచ్చే ఒక్కో సేవకి, మీ పోర్టల్ నాలుగైదు సేవల మీద నిలబడితే మొత్తం దానికంటే తక్కువే వస్తుంది. లెక్క తప్పితే వాళ్లిచ్చేది బిల్లులో కొంత తగ్గింపు, అంతే. పని మానుకుని ఊరి నుంచి వచ్చి తిరిగెళ్లినవాళ్ల కూలి దాంట్లో ఉండదు.

స్టెప్ 8: మార్చడం

ఒక్క రాత్రిలో అన్నీ మార్చకండి. పబ్లిక్ సమాచారం ముందు, తర్వాత ఒక చిన్న సేవ, ఒక జిల్లాలోనో ఒక మండలంలోనో. పాతది, కొత్తది రెండూ పక్కపక్కనే కొన్ని వారాలు నడిపి లెక్కలు సరిపోతున్నాయో లేదో చూడండి, అప్లికేషన్ల సంఖ్యతో పాటు డబ్బు మొత్తాలు కూడా టాలీ కావాలి. తెలుగు పేర్లు సరిగ్గా వచ్చాయో ప్రత్యేకంగా చూడండి, పాత ఫాంట్‌లో టైప్ చేసిన డేటా యూనికోడ్‌కి మారేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతే రేపు సర్టిఫికెట్‌లో తండ్రి పేరు తప్పు పడుతుంది. తేదీ ఎంచుకునేటప్పుడు క్యాలెండర్ చూడండి, ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీఖున పెన్షన్ల పంపిణీ ఉంటుంది, ఆ చుట్టుపక్కల ఏదీ ముట్టుకోవద్దు.

ఒక సంగతి క్లౌడ్ వల్ల బాగుపడదు, పైగా కొంచెం కష్టమవుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లోనో ఆదిలాబాద్ లోపలి ఊళ్లలోనో సిగ్నల్ లేకపోతే క్లౌడ్ ఎంత గొప్పదైనా లాభం లేదు. కాబట్టి ఫీల్డ్‌లో వాడే ట్యాబ్ యాప్ నెట్ లేకపోయినా ఎంట్రీ తీసుకుని, సిగ్నల్ దొరికినప్పుడు పంపేలా ఉండాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్‌లో సేవలిచ్చే మన మిత్ర 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైంది, మంచి ఆలోచన, అలాంటిదాని వెనక కూడా వరుసగా ఎన్ని సిస్టమ్‌లు ఉన్నాయో గుర్తుపెట్టుకోవాలి, చాట్ వెంటనే జవాబిచ్చినా డిపార్ట్‌మెంట్ డేటాబేస్ లేవకపోతే సర్టిఫికెట్ రాదు.

స్టెప్ 9: పడిపోయిన రోజు

పడిపోతుంది, ఏదో ఒకరోజు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒకటి తేడాగా వచ్చి ప్రపంచమంతా 85 లక్షల విండోస్ మెషిన్లు ఆగిపోతే హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. 2025 అక్టోబర్ 20న అమెరికాలో అమెజాన్ క్లౌడ్ ఒక ప్రాంతంలో దెబ్బతింటే బ్రిటన్ పన్నుల శాఖ వెబ్‌సైట్ కూడా ఇబ్బంది పడింది. పెన్నుతో రాసిచ్చినందుకు నవ్వుకున్నారు చాలామంది, నాకు మాత్రం అది మంచి పనిగా అనిపించింది, విమానం ఎక్కాల్సినవాళ్లు ఎక్కారు కదా.

మీ సేవకి కూడా ఆ పెన్ను ఏదో ముందే తేల్చండి. ప్రతి మీసేవ సెంటర్‌లో, సచివాలయంలో ఒక రిజిస్టర్, నంబర్లు వేసిన రసీదు పుస్తకం ఉంచండి. సైట్ అరగంటకి మించి లేవకపోతే ఆపరేటర్ ఎవర్నీ అడక్కుండా రిజిస్టర్ తెరవొచ్చని సర్క్యులర్ ఇవ్వండి. అందులో పేరు, మొబైల్, ఏ సేవ, వచ్చిన తేదీ, టైం, తెచ్చిన కాగితాలు రాసి, సంతకం పెట్టి రసీదు చింపి ఇవ్వాలి, ఆధార్ నంబర్ మొత్తం రాయొద్దు, చివరి నాలుగంకెలు చాలు. సైట్ లేచాక ఎంట్రీ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో రిజిస్టర్ తేదీ వేసే కాలమ్ ఉండాలి, అప్లికేషన్ తేదీగా అదే లెక్కలోకి రావాలి, అప్పుడే లాస్ట్ డేట్ రోజు సైట్ పడిపోయినవాళ్లు అర్హత పోగొట్టుకోరు. ఈ కాలమ్ ఒకటి మొదటి వెర్షన్‌లోనే పెట్టమని డెవలపర్‌కి ఇప్పుడే చెప్పండి, తర్వాత పెట్టాలంటే చేంజ్ రిక్వెస్ట్ అంటారు, దానికి మళ్లీ ఫైలు, మళ్లీ శాంక్షన్.